ఎదురుగాలి లాలెప్ప

అనగనగా, సైకిలును చూసి ఎద్దులు తాళ్ళు తెంచుకునే కాలంలో, గాలిదిన్నె అని ఒక ఊరుండేది. ఆ ఊరి ముందు మూడు క్రోసుల మైదానం. చెట్టు లేదు, గుట్ట లేదు, గోడ లేదు. మైదానానికి అవతల సంత ఊరు. ఆషాఢం వచ్చిందంటే ఆ దారిలో గాలిదే రాజ్యం. మేకలు కూడా దానికి వీపు తిప్పి నిలబడేవి.

ఆ ఊళ్ళో లాలెప్ప అని ఒక దూదేకులాయన. ఏకిన దూదిని మూట కట్టి, సైకిలు వెనక వేసుకుని, ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. దూదిమూటకు బరువుండదు. గాలికి మటుకు అది ఇంటి తలుపంత అడ్డం. ఒకసారి పక్కకు తోసేది, ఒకసారి వెనక్కి గుంజేది, ఒకసారి మనిషిని మూటతో సహా కంపలో పడేసేది. పడి పడి లాలెప్ప వంగి తొక్కడం నేర్చుకున్నాడు. గాలి రాకముందే దాని చప్పుడు వినడం నేర్చుకున్నాడు.

ఆ పక్క ఊళ్ళో సుంకిరెడ్డి అని ఒక పెద్దరైతు. బండలాగుడు పందేలకు ఎద్దులు మేపిన మనిషి. సైకిలు పందేలు వచ్చాక ఎద్దులను అమ్మేసి సైకిళ్ళు కొన్నాడు. అలవాటు పోక, ఎద్దులకు పెట్టినట్టే తొక్కేవాళ్ళకు కూడా ఉడకబెట్టిన ఉలవలు పెట్టించేవాడు. ఆయన దగ్గర భీమలింగం అనే మొనగాడుండేవాడు. తొడలు రోకళ్ళలా ఉండేవి.

ఒకనాడు గాలిలో మూటతో పోతున్న లాలెప్పను చూసి సుంకిరెడ్డి ఆపాడు.

"ఏమప్పా, నా దగ్గర పందేలకు తొక్కుతావా?"

"తొక్కుతా రెడ్డీ. గెలవల్లంటే ఎట్ల తొక్కల్ల?"

"గెలిచేది నీ పని కాదు. గెలిచేది భీమలింగం. నీ పని వాని ముందర తొక్కేది."

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఎదురుగాలిలో ముందుపోయేవాడు గాలిని చీలుస్తాడు. వాడి వెనకే అంటుకుని తొక్కేవాడికి ఆ చీలికలో దారి దొరుకుతుంది. సగం కష్టం తగ్గుతుంది. అలా దారి పొడుగునా బలం దాచుకుని, చివర్లో పక్కకు తప్పుకుని, ఒక్క ఊపున ముందుకు దూకుతాడు. పందెం వాడిది. ముందు తొక్కినవాడు రెండోవాడు.

లాలెప్ప ఒప్పుకున్నాడు. దూది ఏకడం తమ్ముడికి అప్పగించాడు. వెనక్కి తిరిగి చూస్తే సైకిలు వంకరపోతుంది కాబట్టి, భీమలింగం గొలుసు చప్పుడును బట్టి తొక్కేవాడు. చప్పుడు దగ్గరగా ఉంటే జోరు పెంచేవాడు. దూరమైతే తగ్గించేవాడు. కొన్నాళ్ళకు ఆ లెక్క మనసుకు పని లేకుండా కాళ్ళకే తెలిసిపోయింది.

మొదటిది దారి పందెం. ఏడు ఆమడల దూరం. లాలెప్ప ముందు తొక్కాడు. భీమలింగం గెలిచాడు.

ఇంటికొస్తే పెండ్లాం హుస్సేనమ్మ అడిగింది.

"ఎవురు గెలిచిరి?"

"భీమలింగం."

"నువ్వు?"

"ముందరే ఉంటి. కడాకు రెండోవాన్నైతి."

రెండోది బరి పందెం. ఉరుసు మైదానంలో తట్ట అంచులా మట్టికట్ట వేసి, దాని మీద నూరు చుట్లు తిరగాలి. ప్రతి చుట్టులో సగం గాలికి ఎదురు. ఆ సగంలో లాలెప్ప ముందు తొక్కాడు. భీమలింగం గెలిచాడు.

"ఎవురు గెలిచిరి?"

"భీమలింగం."

"నువ్వు?"

"ముందరే ఉంటి. కడాకు రెండోవాన్నైతి."

హుస్సేనమ్మ చేతిలోని చాటను కింద పెట్టింది.

"బండి కింద నడిచే కుక్క బండిని తానే మోస్తాండా అనుకున్యంట. మీ భీమలింగం యవ్వారం అట్లుండాది. మా అన్నగాండ్లు ఏమంటాండారో తెల్సా? నీ మొగుడు అన్నం తినేటప్పుడన్నా ముందు కూర్చుంటాడా, లేకుంటే భీమలింగం తిన్యాక తింటాడా అంటాండారు."

"నగనీలే."

"నగితే నగనీ. ఒక్కసారి గెలువప్పా. ఒక్కటంటే ఒక్కటి. నేను చూడల్ల."

లాలెప్పకు ఆ మాట లోపల పడింది.

అట్లా పన్నెండేళ్ళు గడిచాయి. దారి పందేలు, బరి పందేలు. లాలెప్ప గడ్డం నెరిసింది. భీమలింగానికి పేరొచ్చింది. పన్నెండో ఏడు, పెద్ద పందెం ఇంకో వారముందనగా, భీమలింగం పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు.

సుంకిరెడ్డి లాలెప్పను పిలిచాడు. "ఈ ఏడు దాటితే నీకూ వయసు మీరతాది, సైకిలు ఇంకొకరికియ్యల్ల. ఈ ఒక్క పందెం నీకోసం నువ్వు తొక్కుకో పో."

మూడో పందెం. అది సంత ఊరి నుంచి గాలిదిన్నె ముందున్న నల్లరాయి దాకా. అడ్డదారి కాదు, ఊళ్ళన్నీ చుట్టి వచ్చే దారి. చివరి మూడు క్రోసులు మైదానం. చలికాలం కాబట్టి గాలి తిరగబడి ఊరి వైపు నుంచే ఎదురొస్తోంది. అంతదాకా వెనక అంటుకుని వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అలిసి ఊడిపోయి, లాలెప్ప మైదానంలో అడుగుపెట్టేసరికి ఒక్కడే ఉన్నాడు. వెనక ఎర్రిస్వామి అనే పడుచువాడు అర క్రోసు దూరంలో ఉన్నాడు. మిగతావాళ్ళు దుమ్ములో ఎక్కడో.

నల్లరాయి ఎక్కి హుస్సేనమ్మ నిలబడింది. పన్నెండేళ్ళలో ఆమె పందెం చూడడం అదే మొదలు. పక్కనే ఆమె అన్నలు.

"వచ్చాండాడు! ముందర ఎవురూ ల్యారు, ఎనకా ఎవురూ ల్యారు!" అని ఆమె కేకేసింది.

నిజమే. వెనక ఎవరూ లేరు. లాలెప్ప చెవికి గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. గొలుసు చప్పుడు లేదు. ఊపిరి చప్పుడు లేదు. నల్లరాయి కనబడుతోంది, దాని మీద పెండ్లాం కనబడుతోంది. తొక్కాలనే ఉంది. కానీ వెనక చప్పుడు లేకపోతే తగ్గించాలని పన్నెండేళ్ళుగా నేర్చుకున్న కాళ్ళు, అడక్కుండానే తగ్గాయి.

"తొక్కప్పా!" అంది హుస్సేనమ్మ.

కాళ్ళు ఇంకా తగ్గాయి.

"తొక్కప్పా! ఎనక వాడొచ్చాండాడు!"

ఎర్రిస్వామి వచ్చి వెనక అంటుకున్నాడు. గొలుసు చప్పుడు లాలెప్ప చెవిలో పడింది. అంతే, ఎక్కడినుంచో బలం వచ్చింది. వంగాడు. గాలిని చీల్చాడు. అంత జోరుగా ఎన్నడూ తొక్కలేదని చూసినవాళ్ళు అన్నారు. నల్లరాయి ఇంక పది బారలుందనగా ఎర్రిస్వామి పక్కకు తప్పుకుని ముందుకు దూకాడు.

అన్నలు నోరు తెరవబోయారు. హుస్సేనమ్మ వాళ్ళ వైపు ఒక చూపు చూసింది. మూసుకున్నారు. ఆమె రాయి దిగొచ్చి మొగుడి పక్కన నడిచింది.

"యాలప్పా ఆగితివి?"

"ఆగల్యా. ఎనక ఎవురూ ల్యాకుండా పాయ. యా పనికి పోతాండానో కాళ్ళకు తెలీల్యా."

ఇల్లొచ్చాక ఆమె, "కాళ్ళు కడుక్కో, సంగటి సల్లారతాది," అంది.

లాలెప్ప పందెం సైకిలును సుంకిరెడ్డికి అప్పజెప్పి, పాత సైకిలు దులిపి దూదిమూట కట్టాడు. మళ్ళీ ఆషాఢం వచ్చింది. సంతకు పోతుంటే మైదానం మొదట్లో ఉత్తరాలు పంచే టపా మనిషి సైకిలు దిగి నిలబడి ఉన్నాడు.

"ఈ గాలిలో యాడ పోదుమన్నా! నీ మూట సాటున రానా?"

"రా."

మరుసటి వారం టైలరొకాయన చేరాడు. ఆ మరుసటి వారం గాజులమ్మే మౌలాలి చేరాడు. మౌలాలికి ఉబ్బసం. పది బారలు తొక్కితే పిల్లికూతలతో ఊపిరి తీసేవాడు. ఆషాఢమంతా సంత మానుకుని, ఇల్లు గడవక పస్తులుండేవాడు. మోమాటపడి చివర్లో నిలబడ్డాడు.

"నేనుంటే మీకు ఆలీసమైతాదప్పా."

"నువ్వు నా ఎనక్కి రా. మిగతావాళ్ళు నీ ఎనక," అన్నాడు లాలెప్ప.

మౌలాలి గొలుసు చప్పుడు దూరమైతే లాలెప్ప కాళ్ళు అడక్కుండానే తగ్గేవి. దగ్గరైతే పెరిగేవి. గెలిచే పందెంలో ఓడించిన కాళ్ళే అవి. ఆ ఏడు మౌలాలి ఒక్క సంత కూడా తప్పలేదు.

అట్లా ఎన్నో ఆషాఢాలు. ఒక వానాకాలం లాలెప్పకు జ్వరం వచ్చింది. మూడు రోజులుండి పోయాడు. పందెంవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. సంతవాళ్ళు అందరూ వచ్చారు.

మరుసటి ఆషాఢం, సంతనాడు, మైదానం మొదట్లో పదిమంది సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ముందు ఎవరూ లేరు. ఎవరూ కదల్లేదు. పేడ ఎత్తడానికి వచ్చిన హుస్సేనమ్మ చూసింది.

"ఏమి, అట్ల నిలబడితిరి? ఆయప్ప రాడు. మీలో బలమున్నోడు ముందుపోండి. ఎనక్కి సూడొద్దండి, ఇనుకుంటా పోండి."

టపా మనిషి ముందుకు పోయాడు. మౌలాలి ఆయన వెనక, మిగతావాళ్ళు మౌలాలి వెనక. సగం దారిలో టపా మనిషికి ఆయాసం వచ్చింది. చప్పుడు విని టైలరు అన్నాడు: "చాలు, ఎనక్కి రా లాలెప్పా. నేను పోతా."

ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు ఆ మైదానంలో తారు రోడ్డు పడింది. గాలి మటుకు అదే. ఆషాఢంలో బడికి పోయే పిల్లలు, పాలవాళ్ళు, కూలికి పోయే ఆడవాళ్ళు వరసగా సైకిళ్ళ మీద పోతుంటారు. బలమున్నవాళ్ళు ముందు, బలం లేనివాళ్ళు వాళ్ళ వెనకే. ముందున్నది ఎవరైనా సరే, వాళ్ళ పేరు ఏదైనా సరే, ఆ మూడు క్రోసులూ వాళ్ళను పిలిచేది ఒక్కటే పేరు. మొన్న ఒక పదేళ్ళ పిల్ల ముందు తొక్కుతుంటే, వెనకనుంచి సర్పంచి గారు రొప్పుతూ అరిచారు:

"రొంత నిదానం, లాలెప్పా!"

పిల్ల వెనక్కి చూడలేదు. నిదానించింది.

కథ సంతకు పోయింది, మనం బడికొచ్చాం.