నోట్లో నాలుక

చిత్తూరు బజారువీధిలో కాఫీపొడి కొట్టు నడిపే వేదవల్లికి దొరస్వామి అనే మేనల్లుడు ఉండేవాడు. ఎవరేమన్నా "అవునవును" అనడం తప్ప వాడికి ఇంకో మాట వచ్చేది కాదు.

"పేరు చూస్తే దొరస్వామి, నోట్లో చూస్తే నాలుక లేదు!" అని ఆవిడ రోజూ తల బాదుకునేది.

బాదుకోదా మరి! కొట్టుకు వచ్చినవాళ్ళు ఊరికే పొడి కొనుక్కుని పోరు కదా. "ఏ పొడి బాగుంటుంది?" అని అడుగుతారు. దోరగా వేయించిన గింజ కమ్మగా, కాస్త పుల్లగా ఉంటుంది. ముదురుగా వేయిస్తే చేదెక్కుతుంది, చిక్కటి పాలకు అదే నిలుస్తుంది. చికోరీ వేరుపొడి కలిపితే డికాక్షన్ నల్లగా దిగుతుంది. ఇదంతా దొరస్వామికి తెలుసు. కానీ ఎవరైనా "ముదురుదే బాగుంటుందేమో?" అంటే "అవునవును, ముదురుదే" అనేవాడు. పక్కనున్నాయన "ఛీ, చేదు! దోరదే మేలు" అంటే "అవునవును, దోరదే" అనేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏమీ కొనకుండానే వెళ్ళిపోయేవారు.

"ఒరేయ్, అసలు నీకేది ఇష్టంరా?" అని వేదవల్లి ఒకనాడు నిలదీసింది.

"నీకేది ఇష్టమైతే అదే అత్తా."

"నా ఖర్మ!" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అలా ఉండగా నాదమునిగారింట్లో పెళ్ళి వచ్చింది. ఆయన ఎప్పటినుంచో ఆ కొట్టు పొడే వాడే మనిషి. "మా వియ్యంకుడికి కాఫీ అంటే ప్రాణం. చికోరీ లేకుండా, దోరగా వేయించి ఇవ్వమ్మా" అని చెప్పి వెళ్ళాడు. ఊళ్ళో పెద్దలంతా వచ్చే పెళ్ళి. అక్కడ పేరు పోతే ఇక కొట్టు మూసుకోవాల్సిందే. వేదవల్లికి ఆ కొట్టు తప్ప వేరే ఆధారం లేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడకు జలుబు పట్టి ముక్కు దిబ్బడ వేసింది. పొయ్యి మీద మూసిన ఇనుప పీపాలో తిరుగుతూ వేగే గింజలు కంటికి కనబడవు. ఎప్పుడు దించాలో వాసనే చెప్పాలి.

"నా ముక్కు పనిచెయ్యడం లేదురా. వేగాయా?" అని అడిగింది.

దొరస్వామికి కమ్మటి వాసన అప్పుడే తగిలింది. "వేగినట్టే ఉంది... నువ్వేమంటావత్తా?"

"ఇంకాస్త ఉండనిద్దామా?"

"అవునవును, ఉండనిద్దాం."

కాసేపటికి పొగ వాసన వచ్చింది. వాడు ముక్కు మూసుకున్నాడే గానీ నోరు తెరవలేదు. దించాక మసక వెలుతురులో గింజలు కాస్త నల్లగా కనబడి ఆవిడకు అనుమానం వచ్చింది. "మాడలేదు కదరా?" అంది. ఆ మొహంలో దిగులు చూసి, "అబ్బే! ఘుమఘుమలాడుతోంది" అన్నాడు. ఆ పొడే పెళ్ళికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే నాదముని డబ్బా పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చాడు. "ఇది కాఫీయా, బొగ్గు కషాయమా? మా వియ్యంకుడు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు! నలుగురిలో నా పరువు తీశావమ్మా!"

వేదవల్లి మేనల్లుడి వైపు తిరిగింది. "నీకు మాడు వాసన తెలియలేదా?"

"తెలిసింది అత్తా. కానీ నువ్వు బాధపడతావని..."

"ఇప్పుడు పండగ చేసుకుంటున్నానా! నీ అవునవును పాడుగాను! తెలియక చెప్పకపోతే సరే. తెలిసీ నోరు మూసుకున్నావే, నిన్నేమనాలిరా? మీ మామ పోయాక నాకింత అన్నం పెట్టింది ఈ కొట్టేరా" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

దొరస్వామి తల ఎత్తలేకపోయాడు. "భోజనాల తర్వాత కాఫీకి మంచి పొడి ఇస్తాను, కాస్త ఆగండి" అని నాదమునిని బతిమాలి, పీపా మళ్ళీ పొయ్యెక్కించాడు. అలవాటుకొద్దీ "ఏమంటావత్తా?" అని చూస్తే, ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంది. ఎవరి మాటకు తల ఊపాలో తెలియక వాడికి చెమటలు పట్టాయి. ఇంతలో కమ్మటి వాసన తగిలింది. "చాలు! దించేస్తున్నా!" అని అరిచాడు.

ఆ పొడితో కాఫీ కలిపి ఇస్తే నాదముని ఒక గుక్క తాగి, "ఇంకాస్త ముదురుగా ఉండాలేమో?" అన్నాడు.

"అవు..." అనబోయి దొరస్వామి ఆగాడు. "కాదండీ. మీరడిగింది దోర కాఫీ, దాని రుచి ఇదే. ముదురుగా వేయిస్తే చేదొస్తుంది."

నాదముని గ్లాసు ఖాళీ చేశాడు. "ఈ నోరేదో నిన్ననే తెరిచి ఉంటే నా పరువు దక్కేది కదయ్యా!" అని పొడి తీసుకుని వెళ్ళాడు.

వేదవల్లికి ముక్కు దిబ్బడ ఇంకా వదలలేదు. మిగిలిన కాఫీ తాగుతూ, "ఎలా ఉందిరా?" అని అడిగింది.

"బాగుంది అత్తా. కానీ నాకైతే కాస్త చికోరీ ఉంటేనే ఇష్టం."

"చికోరీయా? ఛీ!"

"నీకు ఛీ అయితే కానివ్వు, నాకు ఇష్టమే" అన్నాడు దొరస్వామి.

"అమ్మయ్య, నాలుక మొలిచింది!" అని ఆవిడ ముక్కు చీదుకుంటూ నవ్వింది.

నీతి: ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని తనకు తెలిసిన నిజాన్ని మింగేసేవాడు, చివరికి వాళ్ళనే ఎక్కువ నొప్పిస్తాడు.