ఎవరూ ఏమీ కోయరాదు

మేడూరు కోటను ఏలిన నరసింగ భూపతికి ఒకనాటి పొద్దున పళ్లు తోముకుంటుండగా ఓ కోరిక పుట్టింది. రాజులకు కోరికలు ఏ వేళనైనా పుడతాయి, తిప్పలు మాత్రం కొలువులో ఉన్నవాళ్లవి.

"మన లీలావనం ఇకనుంచి ఊరందరిదీ! వచ్చే దశమినాడు తలుపులు తెరవాలి. ఓబన్నా, ఆ పెత్తనం నీదే," అన్నాడు నిండు సభలో.

ఓబన్న కొలువులో చిన్న ఉద్యోగి. కానీ మాటకు మాట అప్పటికప్పుడు తడుతుందని రాజుగారికి అతనంటే ముచ్చట.

ఆ మాటకు ముఖం మాడింది దండనాయకుడు భైరవరాజుకే. ఈయన యుద్ధాలు చేసింది తక్కువ, చెప్పింది ఎక్కువ. రోజూ సాయంత్రం ఆ తోటలో పాలరాతి అరుగెక్కి, చుట్టూ నలుగురు భజనపరులను కూర్చోబెట్టుకుని తన పరాక్రమం వర్ణించుకుంటే తప్ప ఆయనకు అన్నం సయించదు. రేపు ఆ అరుగు మీద ఎవరో కూరగాయల గంప దించుతారంటే కడుపు మండదా మరి!

"ప్రభూ, జనం అడుగుపెడితే తోట బోడిగుండైపోతుంది. చెట్టుకు ఒక్క పువ్వు మిగలదు," అన్నాడు.

రాజు కాస్త తటపటాయించాడు. "సరే, ఒక షరతు. తెరిచిన రోజు సాయంత్రానికి జనం ఒక్క పువ్వు కోసినట్టు తేలినా తోట మళ్లీ మూసేస్తాను. ఓబన్నా, నీ కొలువూ ఊడుతుంది."

ఓబన్న వంగి దండం పెట్టి పనిలోకి దిగాడు. బాటల మీద ఇసుక పోయించాడు. మామిడి కొమ్మలకు ఉయ్యాలలు కట్టించాడు. చలివేంద్రం పెట్టించాడు. కనబడినవాళ్లనల్లా కరిచే రాజుగారి హంసను బతిమాలి, బామాలి వేరే కొలనుకు పంపించాడు. చివరికి వాకిట్లో ఒక బండ నిలబెట్టి "ఇచ్చట పువ్వులు కోయరాదు" అని చెక్కించబోతుంటే భైరవరాజు వచ్చి అడ్డం పడ్డాడు.

"పువ్వులేనా? రేపు ఎవడైనా కాయ కోసి, నేను పువ్వు కోయలేదుగా అంటే ఏం చేస్తావోయ్? 'ఇచ్చట ఎవరూ ఏమీ కోయరాదు. కోసినవారు ఎంతటివారైనా కావిడి మోసి తోటంతా నీళ్లు పోయవలెను' అని చెక్కించు!"

రాజుకు ఆ మాట నచ్చింది. ఓబన్న అలాగే చెక్కించాడు.

దశమి రానే వచ్చింది. వాకిట్లోనే ఓబన్న ఆడవాళ్లందరికీ తలా మూర మల్లెపూలు పంచిపెట్టాడు. తలలో పూలు ఘుమఘుమలాడుతుంటే ఇంక కొమ్మలకేసి చూసే పనేముంది? కోట బట్టలు ఉతికీ ఉతికీ ముసలిదైపోయిన నూకాలమ్మ, ఇన్నేళ్లూ ఆ తోటను గోడ అవతలినుంచే చూసిన మనిషి, ఉయ్యాలెక్కి కిలకిలా నవ్వింది.

"నాయనా ఓబన్నా, రేపు కూడా రానిస్తారా?" అని అడిగింది.

తన కొలువు పోతే పోనీ, ఈవిడ మళ్లీ గోడ అవతలికి పోకూడదు అనుకున్నాడు.

సాయంత్రం రాజుగారు పరివారంతో వచ్చారు. అప్పుడే తోట మూలనుంచి భైరవరాజు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చి, ఒక మొగలిపువ్వు పైకెత్తి చూపించాడు.

"చూశారా ప్రభూ, మీ జనం నిర్వాకం! తమరు ముచ్చటపడి పెంచిన పొదలోదే. కోసి బాటలో పారేశారు!"

జనం నవ్వులు ఆగిపోయాయి. నూకాలమ్మ ఉయ్యాల దిగిపోయింది. ఇంతలో దండనాయకుడు పక్కనుంచి వెళ్తుంటే గుప్పున వాసన కొట్టింది. పువ్వేమో ఆయన కుడిచేతిలో ఉంది, వాసన ఎడమ భుజం మీది ఉత్తరీయంలోంచి వచ్చింది.

ఓబన్న మొలనుంచి తోట తాళాలు తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"తప్పు జరిగింది ప్రభూ. కానీ ఈ పువ్వు కోసినవాడెవడో, ఒక్కసారి వాడి కాళ్లకు దండం పెట్టాలని ఉంది."

"అదేమిటి?" అన్నాడు రాజు.

"మొగలిపొద అంటే మాటలా ప్రభూ! ఆకాకుకూ ముళ్లు. రేకు నలగకుండా తీశాడంటే మొనగాడే. మన కోటలో అంతటివాడు లేడు. పాపం, దండనాయకులవారి వల్ల కూడా కాదు."

భైరవరాజు మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"నావల్ల కాదా! పులి నోట్లో చెయ్యి పెట్టినవాణ్ణి, నాకు మొగలిపొద ఓ లెక్కా? ఉత్తరీయం మోచేతిదాకా చుట్టి, వెనకనుంచి చెయ్యి దూర్చి, మొదలు దగ్గర ఒక్క మెలిక తిప్పానో లేదో, టక్కున ఊడొచ్చింది!"

ఓబన్న చేతులు కట్టుకుని అమాయకంగా అడిగాడు.

"ఊడొస్తుందా, ఊడొచ్చిందా దొరా?"

రాజు దగ్గరికి వచ్చి ఆ ఉత్తరీయం కొస పట్టుకుని వాసన చూశాడు. ముళ్లకు చిరిగిన పోగులు వేళ్లకు తగిలాయి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

భైరవరాజు ఉత్తరీయం వెనక్కి లాక్కున్నాడు. "అబ్బే, నేను కోయలేదు ప్రభూ! ఏదో మాటవరసకు... ఊరికే కోతలు కోశానంతే!"

ఓబన్న వాకిట్లోని బండకేసి చెయ్యి చాపాడు.

"అక్కడేముందో తమరే చదవండి దొరా. ఎవరూ ఏమీ కోయరాదు. కోతలు కూడా!"

రాజు పగలబడి నవ్వాడు. జనం గొల్లుమన్నారు. "పువ్వు కోసినా తప్పే, కోతలు కోసినా తప్పే! భైరవరాజా, రెండూ నీవే, ఆ చెక్కించిన మాటా నీదే!" అంటూ రాజు తాళాలు తీసి ఓబన్న చేతిలో పెట్టి, తన చేతి కంకణం అతనికి తొడిగాడు. "ఈ తోట ఇక మూసేది లేదు!"

నూకాలమ్మ అప్పటికే మళ్లీ ఉయ్యాలెక్కేసింది.

కావిడి తెచ్చి దండనాయకుడి భుజాన పెట్టారు. ఆయన మీసం సర్దుకుని, "ఇలాంటి కావిళ్లు చిన్నప్పుడు చిటికెనవేలితో..." అని మొదలుపెట్టాడు.

ఓబన్న బండకేసి మళ్లీ చెయ్యి చాపాడు.