అధ్యక్షులవారి ప్రతిపక్షం

సోవియట్ పెద్ద రాజ్యం ముక్కలయ్యాక ఓ కొండదేశంలో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. పోటీ ఉండాలి కదా అని అధ్యక్షులవారే ఓ ప్రతిపక్షాన్నీ పెట్టించారు. వద్దనుకున్న పార్టీ పేరు కొట్టేసి చీటీ పెట్టెలో వెయ్యాలి.

గొర్రెలకాపరి తుర్సున్ అధ్యక్షులవారి పార్టీని కొట్టేయడం ఎన్నికల అధికారి బెక్మురాద్ కంటబడింది.

"ప్రతిపక్షానికేస్తావురా? నీ మేతబీడు లాగేస్తా!"

"ఆ పార్టీ పెట్టిందెవరు దొరా?"

"అధ్యక్షులవారే!"

"దానికి ఓటేయడం తప్పా?"

"తప్పే!"

"అయితే పెట్టినవారిది ఇంకా పెద్ద తప్పు కదా? ముందు వారి కుర్చీ లాగండి, తరవాత నా బీడు."

బెక్మురాద్ బుర్ర గిర్రున తిరిగింది. ఔనంటే తన ఉద్యోగం ఊడుతుంది, కాదంటే వీడి ఓటు ఒప్పే అవుతుంది.

"పోరా, పోయి గొర్రెలు కాసుకో!"

ఆనక తన చీటీ తీసి, ఎవర్ని కొట్టేస్తే క్షేమమో తేలక సాయంత్రందాకా కలం కొరుకుతూ కూర్చున్నాడు.