ఆవు లేని ఇంటికి గంట

అనగనగనగా, గోదారి పాయల మధ్య ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. వాళ్ళాయన గవరయ్య. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవాడు. ఆయన తాడుతో పడవ కడితే గోదారి పొంగినా తెగేది కాదు. మంచివాడే బుజ్జీ. తాగుడు లేదు, తిట్టు లేదు. ఒకటే జబ్బు. సంతకెళితే చెయ్యి ఊరుకోదు.

వాళ్ళకి మంగతాయి అని ఒక పిల్ల. నీ అంత ఉంటుంది. వాళ్ళది తాటాకిల్లు. ఆ ఏడు కప్పు బాగా చివికిపోయింది. పడుకుంటే చుక్కలు కనబడేవి. వానలు పడేలోపు కొత్త ఆకు వేయించాలి. అందుకని నూకరత్నం మొగుడి చేతికి సంచీ ఇస్తూ గట్టిగా చెప్పింది.

"తాళ్ళు అమ్మగా వచ్చిన డబ్బు తాటాకుకే. ఉప్పూ నూనే తప్ప ఇంకేదీ ముట్టుకోకు. విన్నావా?"

"విన్నానే," అన్నాడు గవరయ్య.

విన్నాడు. విని, వెళ్ళి, ఏం చేశాడో చూడు. ఇంత లావు ఇత్తడి గంట పట్టుకుని, గణగణా వాయించుకుంటూ వచ్చాడు.

"ఇదేంటయ్యా?"

"ఆవు మెడలో కట్టే గంట."

"మనకి ఆవేదీ?"

"గంట వచ్చింది కదా, ఆవు రాకపోతుందా? చవగ్గా ఇచ్చాడే!"

నూకరత్నం సంచీ చూసింది. అందులో ఉప్పు లేదు. ఆ పూట ఉప్పు లేని గంజే పోసింది. గవరయ్య దాన్నే తాగాడు.

ఆ తర్వాత మళ్ళీ సంత వచ్చింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ విన్నాడు. ఈసారి నెత్తిమీద గుండిగ పెట్టుకుని వచ్చాడు. చిన్నదా చితకదా, పెళ్ళిళ్ళకి వండే గుండిగ!

"మూత ఊరికే ఇచ్చాడే రత్నం!" అన్నాడు గుమ్మంలోంచే.

"ఊరికే వచ్చిన మూత కోసం గుండిగ కొన్నావా? ఉన్నది ముగ్గురం! ఇందులో మన బియ్యం పోస్తే అడుగున వెతుక్కోవాలి!"

గుండిగ ఏ మూలా పట్టలేదు. అప్పుడు దాన్ని ఇంటి నడిమధ్య పెట్టారు. మంగతాయి అందులో దూరి దాగుడుమూతలు ఆడుకుంది. నూకరత్నం దాని చుట్టూ తిరుగుతూ, కాలికి తగిలినప్పుడల్లా నుదురు కొట్టుకుంటూ వంట చేసింది.

మూడో సంతకి ఇక చెప్పలేదు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది పాపం. చేతులు జోడించి దణ్ణం పెట్టింది, అంతే. సాయంత్రానికి వాకిట్లో ఎడ్లబండి ఆగింది. బండి మీద చెక్కుడు పని చేసిన టేకు తలుపులు! ఎక్కడో మేడ పడగొడితే వచ్చిన తలుపులట. వాటి ముందు వాళ్ళిల్లు కోళ్ళగూడులా ఉంది.

"తాను దూర కంత లేదు, మెడకో డోలట! ఈ తలుపుల్లో మన ఇల్లు దూరుతుంది గానీ, మన ఇంట్లో ఈ తలుపులు దూరతాయా?"

గవరయ్య తలుపులు గోడకి చేరేశాడు. కోళ్ళు వాటి మీదెక్కి కూర్చున్నాయి.

అప్పుడు వాన వచ్చింది.

దీపాలు పెట్టే వేళకి కప్పు కారడం మొదలైంది. నూకరత్నం పిల్లని ఈ మూల పడుకోబెట్టింది. అక్కడ కారింది. ఆ మూలకి మార్చింది. అక్కడా కారింది. కాస్త పొడిగా ఉన్నది ఒక్క నడిమధ్యే, అక్కడేమో గుండిగ కూర్చుని ఉంది! దాన్ని బయటికి ఈడ్చి, ఆ జాగాలో పిల్లని పెట్టేసరికే మంగతాయి నిలువునా తడిసిపోయింది. తెల్లారేసరికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

గవరయ్య పిల్ల పాదాలు అరచేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఈసారి సంతలో..." అని ఏదో అనబోయాడు.

"ఈసారి సంతకి నేనూ వస్తున్నాను," అంది నూకరత్నం.

అనుకున్నట్టే, సంతనాడు పిల్లని పక్కింటి సుబ్బాయమ్మకి అప్పజెప్పి బయల్దేరింది. గంట, గుండిగ బండిలో వేయించింది. తలుపులు ఎత్తడానికి మనుషులు దొరకలేదు, అవి ఉండిపోయాయి.

ముందు తాళ్ళ బేరగాళ్ళ దగ్గరికి వెళ్ళారు. "ఒరేయ్, పురి వదులుగా ఉందేంట్రా? రేటు తగ్గించు," అని వాళ్ళు తాడుని ఇటు లాగి, అటు లాగి, మొహం చిట్లించారు. అంత మంచి తాడుని! గవరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఇచ్చింది పుచ్చుకున్నాడు.

ఆ తర్వాత సామాన్ల వీధిలోకి తిరిగారు. తిరిగారో లేదో, "రండి రండి గవరయ్యగారూ! మారాజు వచ్చారు, పీట వెయ్యండ్రా!" అని ఇటు నుంచి ఒకడు, అటు నుంచి ఒకడు. గవరయ్య నడుం నిటారుగా అయింది. మొహం దీపంలా వెలిగింది.

నూకరత్నం అక్కడే ఆగిపోయింది. 'ఓరి దేవుడా! ఈయన గంటలూ గుండిగలూ కొనడం లేదు. పేరు వెనక ఆ గారు కొంటున్నాడు!' అనుకుంది. కోపం వచ్చింది. కోపం వెనకాలే జాలీ వచ్చింది. మళ్ళీ పిల్ల గుర్తొచ్చి కోపమే గెలిచింది.

"ఏమయ్యా, నువ్వు కూర్చునే ఆ పీట ఖరీదు మన ఇంటి కప్పు. తెలుస్తోందా?" అంది.

గవరయ్య గంటా గుండిగా దింపి, "వీటిని తిరిగి తీసుకుంటారా?" అని అడిగాడు.

పీట వేసినవాడు ఫక్కున నవ్వాడు. "ఈ తుక్కు ఎవడికి కావాలోయ్? కాటాకి వేసి ఎంతొస్తే అంత ఇస్తా," అన్నాడు. గారూ లేదు, మారాజూ లేదు. గవరయ్య మొహం నల్లబడిపోయింది. ఇచ్చింది పుచ్చుకున్నాడు.

వెనక్కి తిరుగుతుంటే ఇంకొకడు పిలిచాడు. "గవరయ్యగారూ! రంగురంగుల చిలక పంజరం! తమలాంటి వాళ్ళ ఇంట్లోనే ఉండాలి!"

గవరయ్య చెయ్యి జేబు దాకా వెళ్ళింది. పెళ్ళాం వైపు చూశాడు. నూకరత్నం అలిసిపోయి బండికి ఆనుకుంది. అప్పుడు గవరయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. గొణుగుడు వచ్చింది. మూడోసారి, "వద్దు!" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే, చింతపండు అమ్ముకునే అవ్వ తక్కెడ కింద పడేసింది!

తాటాకు అమ్మే సూరప్ప ఆయన్ని గారూ అనలేదు, మారాజూ అనలేదు. "ఒరే గవరా, ఉన్న డబ్బుకి సగం కప్పుకే ఆకు వస్తుంది. తక్కిన దానికి తాళ్ళు పేని ఇవ్వు. నీ తాడుకి తిరుగులేదు," అన్నాడు. ఆ మాటకి గవరయ్య కళ్ళు చెమర్చాయి.

అప్పట్నుంచి ఆయన అరచేతులు పొక్కులెక్కేలా తాళ్ళు పేనాడు. పెద్ద వానలకి ముందే ఇంటికి కొత్త కప్పు వేశారు. మంగతాయి జ్వరం తగ్గి, మళ్ళీ గంతులేసింది. తలుపులు మాత్రం ఎవరూ కొనలేదు, కోళ్ళకే మిగిలాయి.

ఆ తర్వాత మళ్ళీ సంత వచ్చింది. గవరయ్య ఒక్కడే వెళ్ళాడు. పొద్దు వాలింది. రాలేదు. 'అయిపోయింది, ఈసారి ఏనుగుని తోలుకొస్తున్నాడు!' అని నూకరత్నం పళ్ళు నూరుకుంటూ గుమ్మంలో నిలబడింది.

ఆఖరికి వచ్చాడు. సంచీ లాక్కుంది. ఉప్పు ఉంది. నూనె ఉంది. మిరపకాయలున్నాయి. సంచీ బోర్లించింది. దులిపింది. ఇంకేమీ రాల్లేదు.

"ఇంతేనా?"

"ఇంతే."

"మరి ఇంతసేపూ ఏం చేశావయ్యా?"

గవరయ్య గడప మీద చతికిలబడి చెమట తుడుచుకున్నాడు. "ఎన్ని కొట్లే రత్నం! ప్రతి కొట్టు దగ్గరా ఆగి వద్దు అని చెప్పి వచ్చేసరికి ఈ వేళయింది," అన్నాడు.

నూకరత్నం నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటూనే నవ్వేసింది. "లోపలికి రండి గవరయ్యగారూ," అంది, "గంజి చల్లారిపోతోంది."

కథేమో కంచికి, సంచేమో కొయ్యకి,
బుజ్జేమో పక్కకి, నిద్దరేమో కంటికి.