జానెడు మంత్రం

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఊరు ఉండేదిరా కన్నా. చుట్టూ నీళ్ళే. ఆ ఊళ్ళో సూరమ్మ అని ఒకావిడ. మనిషి పొట్టి, నోరు మాత్రం పెద్దది. ఆవిడకి అతుకుల మంత్రం ఒకటి వచ్చు. పగిలినదాని మీద చెయ్యి పరిచి చదివిందంటే చాలు, పగులు ఇట్టే అతుక్కునేది!

కానీ దానికో షరతు ఉంది. పగులు మొత్తం ఒక్క జానలో పట్టాలి. జానంటే తెలుసుగా, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. అది దాటితే మంత్రం పారదు. ఇంకోటి, ఆ మంత్రం ఎవరికైనా చెబితే చెప్పినవాళ్ళకి పోతుంది. అందుకే సూరమ్మ మొగుడికి కూడా చెప్పలేదు.

ఒక రోజు పొద్దున్నే గోదారి పొంగింది. అందరూ పడవ దగ్గరికి పరుగెత్తారు. తీరా చూస్తే అడుగు చెక్క పగిలి ఉంది! ఊరంతటికీ అదొక్కటే పడవ. "సూరమ్మా, ఇక నువ్వే దిక్కు" అన్నారు.

ఆవిడ చెయ్యి పరిచి చదివింది. పగులు కదల్లేదు. ఆ తర్వాత వేళ్ళు నొప్పెట్టేలా సాగదీసి చదివింది. అబ్బే! వేలెడు బయటే ఉండిపోయింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. పిల్లలు ఒకటే ఏడుపు.

అప్పుడు పడవ నడిపే గంగులు "జానెడంటే ఎవరి జానెడత్తా? నీదా, నాదా?" అని తన చెయ్యి పెట్టాడు. చేటంత చెయ్యి! పగులు మొత్తం దాని కిందే ఇమిడిపోయింది.

సూరమ్మకి అప్పుడు తట్టింది. ఎవరు చదివితే వాళ్ళ జానే లెక్క మరి! అంటే మంత్రం గంగులుకి చెప్పాలి, తను పోగొట్టుకోవాలి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుందిరా! ఆవిడ ఒక్కసారి పిల్లల వంక చూసింది. గంగులు చెవిలో గబగబా చెప్పేసింది.

గంగులు చదివాడు. మొదటిసారి చెక్క కిర్రుమంది. రెండోసారి పగులు సన్నబడింది. మూడోసారి టక్కున మూసుకుంది! ఊరంతా క్షేమంగా గట్టుకి చేరింది.

అక్కడ సూరమ్మ మంత్రం గుర్తుచేసుకోబోయింది. ఒక్క ముక్క రాలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"మళ్ళీ నీకు చెప్పేస్తానత్తా" అన్నాడు గంగులు.

"చెబితే నీకు పోతుందిరా, పిచ్చి సన్నాసీ! ఊరిని దాటించే చెయ్యి నీది. మంత్రం నీ దగ్గరే ఉండనీ" అంది సూరమ్మ, ముక్కు చీదుకుంటూ.

కథ ఎక్కేసింది కంచి పడవ,
కళ్ళు మూసుకో, చాలు నీ గొడవ!