పర్లమ్మ పాకలో నక్క కాపలా

జొన్నచేల మధ్య ఒక దొడ్డి, దొడ్డిలో ఒక పాక. పొద్దుగూకితే చాలు, ఆ పాకలో పర్లమ్మ అనే కోడిపెట్టకు పని మొదలయ్యేది. రాత్రిపూట పనికి వెళ్ళే తల్లుల పిల్లల్ని తెల్లారేదాకా చూసుకోవడం ఆవిడ పని.

మేకమ్మ మందతో పొలానికి వెళ్ళాలి. ఎరువు కోసం రైతు రోజుకో మడిలో రాత్రంతా మందను నిలిపి ఉంచుతాడు. ఆ మందకు కాపలా కుక్క భైరవి. ఇక గుడ్లగూబకు ఎలుకల వేట చీకట్లోనే. ముగ్గురూ చీకటి పడేవేళ పిల్లల్ని దింపి, వెలుగొచ్చాక తీసుకెళ్ళేవాళ్ళు. మేకమ్మ వస్తూ నోట ఓ జొన్నకంకి తెచ్చేది. భైరవి కాలితో పుట్ట తవ్వి చెదలు చూపించేది. గుడ్లగూబ పుణ్యాన పర్లమ్మ గుడ్ల జోలికి ఎలుక వచ్చేది కాదు. పర్లమ్మ ఊరికే చేసేదీ కాదు, వాళ్ళు ఊరికే చేయించుకునేవాళ్ళూ కాదు.

ఈ ఏర్పాటు ఒక్కరికే గిట్టలేదు. ఆయన పర్లమ్మ మొగుడు, ఎర్ర ఈకల డేగపుంజు. మరో అయిదుగురికి కూడా ఆయనే మొగుడు, అది వేరే సంగతి.

"దూలం మీద నా పక్కన కూర్చోవలసినదానివి, ఎవరి పిల్లల మధ్యో పొర్లుతున్నావు," అన్నాడు ఓ సాయంత్రం. "అదీ ఒక పనేనా? రాత్రి పిల్లలేం చేస్తారు? పడుకుంటారు. పడుకున్నవాళ్ళని చూడ్డానికి ఇంకొకరు కావాలా?"

"ఒక్క రాత్రి మీరు చూడండి మరి."

"నేనా? మగపుట్టుక పుట్టి?"

"ఆ పుట్టిందీ గుడ్డులోంచేగా. దాని మీద పొదిగి కూర్చున్నదెవరట?"

మాట తన మీదికి తిరిగినప్పుడు ఈకలు దులుపుకోవడం పుంజుకు అలవాటు. దులుపుకున్నాడు.

మర్నాడు తల్లులు పిల్లల్ని దింపి వెళ్ళగానే, పుంజు కంచె అవతలినుంచి ఒకర్ని వెంటబెట్టుకొచ్చాడు. వచ్చినవాడు నక్క.

"మన నక్క బావ. మాంసం మానేశాడట. ఇవాళ్టినుంచి పిల్లల్ని తనే చూస్తాడు. కంకీ అక్కర్లేదు, చెదలూ అక్కర్లేదు."

"నిద్రపోయే పసివాళ్ళ దగ్గర కూర్చోవడానికి కూలేమిటి చెల్లెమ్మా?" అన్నాడు నక్క బావ, తల వంచుకుని. "నువ్వు బావగారి పక్కన హాయిగా విశ్రాంతి తీసుకో."

పర్లమ్మ ఒకసారి పిల్లల వైపు చూసింది. కేక వేస్తే పక్కమడిలో ఉన్న భైరవి వస్తుంది. కానీ ఆవిడ కంచె దాటేలోగా ఒక పిల్ల నక్క నోట్లో ఉంటుంది. పోనీ ఇవాళ తరిమినా, పిలిచి పీట వేసే మొగుడుండగా రేపు రాకుండా ఉంటాడా? ఇంటాయనే దొంగ చేతికి తాళాలిస్తే ఇల్లాలు ఎన్ని గడియలని వేస్తుంది? కాసేపు కాలితో నేల గీరింది పర్లమ్మ. తర్వాత నవ్వింది.

"అలాగే అన్నయ్యా. ఒక్క మాట. పిల్లలు ఏడవకుండా చూసుకో. భైరవివి పాముచెవులు. బిడ్డ గొంతు కాస్త లేచిందంటే మంద వదిలేసి వచ్చి వాలుతుంది. నిన్ను చూసి ఏమనుకుంటుందో మరి."

నక్క బావ చెవులు వెనక్కి వాలాయి. "ఏడవడమెందుకు? పడుకుంటారు కదా."

"అవును మరి. పడుకుంటారు కదా," అంది పర్లమ్మ.

అందరూ పడుకున్నాక చప్పుడు కాకుండా పని కానిద్దామని నక్క బావ లెక్క. ఆ ముగ్గురు పిల్లలూ ఒక్కసారిగా కళ్ళు మూసిన రాత్రి పర్లమ్మ ఎరుకలో లేదు. అడిగితే చెప్పేదేమో. నక్క బావ అడగలేదు. పిల్లల్ని చూడ్డం గురించి ఆడదాన్ని అడగాలా?

పుంజు దూలమెక్కి గురక మొదలెట్టాడు. పర్లమ్మ పాక గోడ మీద కూర్చుంది. చీకట్లో కోడికి చూపు ఆనదు. అందుకే ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుంది. ఒక్క పిల్ల బెదిరి కీచుమన్నా గొంతు చించుకోవడానికి సిద్ధంగా ఉంది.

"నక్క మామా, దాహం," అంది మేకపిల్ల.

చిప్పతో నీళ్ళు తెచ్చాడు. తాగింది. "ఉచ్చ," అంది.

"ఇందాకే చెప్పొచ్చుగా?"

"ఇందాక రాలేదు."

తీసుకెళ్ళి తీసుకొచ్చేసరికి కుక్కపిల్ల లేచి కూర్చుంది. "నువ్వు మా అమ్మవి కావు."

"కాను నాయనా."

"మరి మా అమ్మేది?" గొంతు వణికింది.

"వచ్చేస్తుంది నా తండ్రే, ఏడవకు." తన గొంతులో ఇంత తేనె ఉందని నక్క బావకే తెలీదు.

"అయితే నీ తోక ఇవ్వు. పర్లమ్మ పెద్దమ్మ రెక్క ఇస్తుంది."

ఇచ్చాడు. కుక్కపిల్ల దాన్ని చీకుతూ కళ్ళు మూసింది. మేకపిల్లా మూసింది. నక్క బావ నోరూరింది. మెల్లగా మెడ చాచాడు.

"ఏం చేస్తున్నావు మామా?"

పైన వాసం మీద రెండు గుండ్రటి కళ్ళు. గూబపిల్ల.

"నువ్వింకా పడుకోలేదా?"

"మేం పగలు పడుకుంటాం. ఇప్పుడే లేచాను. కథ చెప్పు."

ఆమాటకొస్తే నక్కపిల్లలకూ రాత్రి నిద్ర ఉండదు. ఆ సంగతి నక్కమ్మకు తెలుసు. నక్క బావ ఏ రాత్రి ఇంటిపట్టున ఉన్నాడు కనక?

"రేపు చెప్తాను."

"ఇప్పుడే. లేకపోతే అరుస్తాను. నాది పెద్ద గొంతని మా అమ్మ చెప్పింది."

చెప్పాడు. కథలో నక్క గెలిచింది.

"బాలేదు. మార్చు."

నక్క ఓడిపోయేలా మార్చాడు.

"బావుంది. ఇంకోసారి."

గోడ మీద పర్లమ్మ నవ్వాపుకోలేక ముక్కు రెక్కలో దూర్చుకుంది.

తర్వాత కుక్కపిల్లకు చలేసింది. మేకపిల్లను చీమ కుట్టింది. కుట్టిన చోట ఊదాలి. ఊదితే చక్కిలిగింత. చక్కిలిగింతకు ఇద్దరూ లేచి ఆట. ఆట మధ్యలో కొట్లాట.

"మామా, నాకు భయమేస్తోంది," అంది మేకపిల్ల, కాస్త కునుకు తీసి లేచి. "నక్కొచ్చింది."

"ఎక్కడ?"

"కలలో."

ఎత్తుకున్నాడు. ఊపాడు. ఊళ తప్ప పాట రాని గొంతుతో జోల కూడా పాడాడు. నడుం పడిపోయింది. ఆకలి ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

తెలతెలవారుతుండగా గూబపిల్ల ఆవలించింది. మూడు జతల కళ్ళూ మూతలు పడ్డాయి. ఆ ఘడియ కోసమే కాచుకున్న నక్క బావ, వాటికంటే ముందే నిద్రపోయాడు.

లోపల ఒక్క గురకే వినిపించింది, అది పిల్లలది కాదు. పర్లమ్మ గోడ దిగి కంచెదాకా వెళ్ళి, భైరవిని గుసగుసగా పిలిచింది. భైరవి వచ్చి చూస్తే ఏముంది, నక్క నెత్తిమీద గూబపిల్ల, పొట్టమీద మేకపిల్ల తల, తన బిడ్డ నోట్లో తోక. ఆ తోకను మెల్లగా లాగి తన నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, గట్టిగా మూసింది.

"వస్తున్నా నాయనా, ఉచ్చేనా?" అంటూ కళ్ళు తెరిచాడు నక్క బావ.

తోకలో సగం అక్కడే వదిలి జొన్నచేలో పడ్డాడు. పిల్లలు లేస్తారని కాబోలు, అరవను కూడా అరవలేదు. ఒక్క రాత్రికే అంత అలవాటైంది.

అప్పటికి మేకమ్మా, గుడ్లగూబా వచ్చేశారు. డేగపుంజు దూలం దిగి, ఒళ్ళు విరుచుకుని, రొమ్ము ముందుకు పెట్టి, నోరు తెరిచాడు.

"ఉష్," అన్నారు నలుగురు ఆడవాళ్ళూ. "పిల్లలిప్పుడే పడుకున్నారు."

"ఈ రాత్రికి కాపలా మీదేనండీ," అంది పర్లమ్మ మెల్లగా. "పడుకునే పిల్లలే కదా."

పుంజు భైరవి వంక చూశాడు. భైరవి కాళ్ళ ముందు ఇంకా తోకముక్క ఉంది. తను కూయకపోతే తెల్లారదనుకునే మొనగాడు, కూతను గుటకేసి మింగి నిలబడ్డాడు. సూర్యుడు మాత్రం ఎవర్నీ అడక్కుండా జొన్నకంకుల మీదికి వచ్చేశాడు.

నీతి: పిల్లలు రాత్రంతా నిద్రపోతారని చెప్పేవాడు, రాత్రంతా తను నిద్రపోయినవాడే.