రెండు అణువుల ఎరుపు

ఇందుమతి మేడంని ఏదైనా అడిగితే నోటితో జవాబు రాదు. "పద ల్యాబుకి" అంటారు. విశ్వవిద్యాలయంలో ఆమె దగ్గర పరిశోధన చేసేవాళ్ళందరూ ఈ అలవాటు మీద లోలోపల సణుక్కుంటారు. హెప్సిబా అయితే ఐదేళ్ళుగా సణుగుతూనే ఉంది పాపం.

ఆ రోజు హెప్సిబా అడిగింది చిన్న సంగతేం కాదు. వచ్చే నెల ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పూర్తిగా తనదే అని చెప్పుకోదగ్గ పరిశోధన పేపరు ఒకటి చేతిలో ఉంటే ఉద్యోగం వచ్చినట్టే. అందుకని పేపరు మీద తన పేరు, మేడం పేరు మాత్రమే పెట్టింది. నిరుడు చేరిన జూనియర్ ఫణీంద్రని చివర్న కృతజ్ఞతల్లోకి తోసేసింది.

"గాజు గొట్టాలన్నీ నాలుగేళ్ళు కూర్చుని నేను అమర్చినవే కదా మేడం. వాడొచ్చి క్లోరిన్ పైపు సరిచేశాడు, అంతే. ఇలా పెడితే తప్పా?"

వాడు సరిచేశాకే గొట్టంలో ఎర్రటి వెలుగు కనిపించిందన్న ముక్క మాత్రం మింగేసింది.

"పద ల్యాబుకి. ఫణీంద్రని కూడా పిలు" అన్నారు మేడం.

హెప్సిబా భయపడుతూనే వెళ్ళి పిలిచింది. ఈవిడ వాడి ముందే అడిగేస్తారో ఏమో!

పట్టపగలే కిటికీలకి నల్లగుడ్డ దించారు. కాస్టిక్ సోడా కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడులోకి ఫణీంద్ర క్లోరిన్ వాయువు వదిలాడు. అందులోంచి పుట్టుకొచ్చే ఆక్సిజన్ మామూలుది కాదు. పుట్టడమే అదనపు శక్తి మోసుకుని పుడుతుంది. దాన్ని వెలుగుగానో వేడిగానో వదిలించుకుంటేగాని కుదుటపడదు. తేమని చల్లటి గొట్టంలో పట్టేసి, వాయువుని పొడవాటి గాజు గొట్టంలోకి పంపారు. ముందు పలచగా పంపమన్నారు మేడం. గొట్టం చీకటిగానే ఉంది. పక్కనున్న, కంటికి కనిపించని పరారుణ కాంతిని కొలిచే మీటరు ముల్లు మాత్రం లేచింది.

"వెలుగుతున్నట్టా, లేనట్టా?"

"వెలుగుతోంది మేడం. ఒంటరి అణువు వెలుగు మన కంటికి ఆనదు" అంది హెప్సిబా.

"ఇప్పుడు ఒత్తిడి పెంచు బాబూ."

ఫణీంద్ర వాల్వు తిప్పాడు. కాసేపటికి గొట్టం ఆ చివర నుంచి ఈ చివరదాకా ఎర్రబడింది. "అబ్బ!" అనేసింది హెప్సిబా. ఎన్నిసార్లు చూసినా ఆమెకి అంతే.

"నీ గొట్టమే అక్కా! ఎంత బావుందో చూడు" అన్నాడు ఫణీంద్ర సంబరంగా. అసూయ అన్నది మచ్చుకైనా లేదు ఆ గొంతులో. హెప్సిబాకి తల కొట్టేసినట్టయింది.

మేడం పేపరు ఊసే ఎత్తలేదు. క్లోరిన్ సిలిండరు కట్టేసి రమ్మని అతన్ని బయటికి పంపారు. అతను వెళ్ళాక, ఇంకా ఆరని ఎరుపుకేసి చూస్తూ అడిగారు: "దీనికి ఎంత శక్తి కావాలి?"

"ఒక్కో అణువు దగ్గరున్న దానికి రెట్టింపు మేడం. రెండు అణువులు ఎదురుపడి, రెండూ తమ దగ్గరున్నది ఒక్కసారే వదిలేస్తే..."

హెప్సిబాకి తన మాట తనకే తగిలింది మరి.

మేడం పేపరు చివరి పేజీ తిప్పి ఆమె చేతిలో పెట్టారు.

"ఆ రెండింట్లో కృతజ్ఞతలు చెప్పి పంపేయాల్సిన అణువేదో చూపించమ్మా. అలాగే అచ్చేయిద్దాం."